తల్లిగారిల్లు కొనుక్కొచ్చిన శుక్రవారం

శుక్రవారం పొద్దుగాల ఆరు నలభైకి ఉమ్మ్ అల్ హస్సామ్‌ల మా రూము మెట్లు దిగిన. భుజానికి గుడ్డ సంచి, అండ్ల ఐదుంబావు కిలోల బియ్యం. చేతిల కవరు, అండ్ల పసుపు, కుంకుమ, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, తమలపాకులు, రవికె ముక్క, ఒక ఆకుపచ్చ చీర. రూముల ఆరుగురం ఉంటం. కింది మంచం మీద పండుకున్న రాజేశం ఒక కన్ను తెరిచి, "ఏం గంగన్నా, ఎవరి పెండ్లికి?" అన్నడు. "పెండ్లికి కాదు, ఇల్లు కొననీకి" అన్న. వాడు నవ్వి దుప్పటి ముసుగేసుకున్నడు. నేను చెప్పింది నిజమే.

నా పేరు గంగాధర్. ఏసీ మెకానిక్‌ను. మాది మెట్‌పల్లి దిక్కు. బహ్రెయిన్‌కు వచ్చి పద్నాలుగేండ్లయింది, మా ఊరోళ్ళు మాత్రం ఇప్పటికీ "దుబాయిల ఉంటడు" అంటరు. చెప్పి చెప్పి ఇడిసిపెట్టిన. మా అక్క రాజమణి నాకంటె ముందే, పంతొమ్మిదేండ్ల కింద వచ్చింది. హమద్ టౌన్‌ల ఒక ఇంట్ల వంటపని చేస్తది. వచ్చే మంగళవారం ఆమె పని ఖలాస్. పెట్టె కట్టుకొని ఇంటికి, బావ కాడికి పోతున్నది, మళ్ళ రాదు.

మా దిక్కు ఆడబిడ్డకు పెండ్లయినంక మూడేండ్లకో ఐదేండ్లకో ఒకసారి తల్లిగారింటికి పిలిచి ఒడిబియ్యం పోస్తరు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు ఆమె కొంగుల పోసి, చీర పెట్టి, అత్తగారింట్ల దింపివస్తరు. ఆ బియ్యం అక్కడ వండి నలుగురికి పెడితే, ఈమెకు ఎనక మనుషులున్నరని ఊరికి ఎరుకైతది. అక్కకు పెండ్లినాడు మా అవ్వ పోసింది. అదే మొదలు, అదే ఆఖరు. మరుసటేడు అవ్వ పోయింది, ఇంకో రెండేండ్లకు నాయిన పోయిండు. ముప్పై మూడేండ్లాయె. తోడికోడండ్లకు తల్లిగారిండ్ల నుంచి మూటలు వచ్చినప్పుడల్లా అక్క ఎనుక దొడ్లె ఏదో ఒక పని పెట్టుకునేదట. ఒకసారి సల్మానియా దవఖాన ముందట బెంచీ మీద కూసొని నవ్వుకుంటనే చెప్పింది. ఆ రోజు నాకు అన్నం పోలే.

పోస్తమంటే ఎక్కడ పొయ్యాలె? పరాయి గడప మీద ఒడిబియ్యం పొయ్యరు. అక్కుండేది సేఠ్ ఇంట్ల మెట్ల కింది గది. నేనుండేది ఆరుగురు మగోళ్ళ రూము. ఊర్లె పొయ్యాలన్నా ఇల్లు లేదు. నేను పెండ్లి చేసుకోలే, ఇల్లు కట్టుకోలే. పెద్ద కథేం లేదు, తీరలే. ఈ దేశంల అక్కాతమ్ములం ఇన్నేండ్లు కలుసుకున్నది బస్‌స్టాపులల్ల, దవఖాన తోటల, గుడి బయట. తలుపేసుకొని ఒక్కచోట కూసొని ఒక్క ముద్ద తినలే.

మరి మా తల్లిగారిల్లు ఏదంటె, అదొక రేకుల బండి. మా నాయిన రోడ్డు రోలర్ డ్రైవరు. రోడ్డు ఎంత దూరం పోతే మేమూ అంత దూరం. రోలర్ ఎనుక గొలుసుతోని ఒక రేకుల డబ్బా బండి కట్టేటోళ్ళు, ఇనుప చక్రాలు దానికి. అండ్లనే పార, గమేళ, డాంబర్ డబ్బాలు, అండ్లనే మేం నలుగురం. రోలర్ కదిలితే ఇల్లు కదిలేది. నేను ఎనుక తలుపుకాడ కాళ్ళు ఏలాడేసుకొని కూసుండి, నాయిన తొక్కిన కొత్త రోడ్డు దూరంగ పోతుంటె చూసేటోన్ని. వాన పడితే రేకు మీద చప్పుడుకు నిద్ర బాగ పట్టేది. పండుకున్నది ఒక ఊర్లె, లేచేది ఇంకో ఊర్లె. అంత సంబురం నాకు మళ్ళెప్పుడూ రాలే.

పోయిన నెల జల్లాక్ దిక్కు ఒక తోటల ఏసీ బాగుచెయ్యనీకి పోయిన. ఖర్జూర చెట్ల నీడకు ఒక పాత క్యారవాన్ కనపడ్డది. చలికాలం అరబ్బులు ఎడారిల గుడారాలేసుకొని ఉండేటప్పుడు కారు ఎనుక కట్టి గుంజుకపోయే బండి ఇల్లు. నలభై ఏండ్ల కిందిదట. తెల్ల రంగు పెచ్చులూడి, మూలలు గుండ్రంగ, రెండు కిటికీలు, ఒక తలుపు. నేను చేతిల పానా పట్టుకొని అట్లనే నిలబడ్డ. తోట యజమాని అబూ యూసుఫ్, డెబ్బై దాటిన మనిషి, "అమ్ముతున్న, కొంటవా?" అని ఆటకు అడిగిండు. నేను నిజంగనే "కొంట" అన్న. రెండొందల దినార్లకు మాటయింది. నాకు వీసా ఇచ్చి పనిల పెట్టుకున్న మా కఫీల్‌ను అడిగితే, కాయిదం ఆయన పేరు మీద రాయించి సల్మాబాద్‌ల ఆయన వర్క్‌షాప్ ఎనుక మూలకు పెట్టుకోమన్నడు. ఇదీ సంగతి. అక్కకు మాత్రం చెప్పలే. చూసి మురవాలె అనుకున్న.

ఏడూ ఐదుకు బస్సు వచ్చింది. టికెట్ మూడొందల ఫిల్సు. శుక్రవారం పొద్దుగాల బస్సులు నిమ్మళంగ ఉంటయి, ఎవరికి వాళ్ళు కిటికీకి తల ఆనించి నిద్రపోతరు. నా పక్క సీటుల కేరళ నర్సమ్మ, సల్మానియాల రాత్రి డ్యూటీ దిగి, రూముకు పోకుంట ఎవరినో చూడనీకి పోతున్నదట. సంచిల నుంచి పసుపు వాసన పట్టి, "పూజా హై క్యా భాయ్?" అని అడిగింది. "నై, బెహెన్ కా చావల్" అన్న, అక్క బియ్యమని. ఆమెకు ఏం అర్థమైందో, "అచ్ఛా, అచ్ఛా" అని కండ్లు మూసుకున్నది.

మనామా బస్‌స్టాండుల ఏడు ముప్పై ఐదుకు దిగిన. అక్కడ ఒక చాయ్, రెండు పరాఠాలు, ఒక గుడ్డు. ఈ తొవ్వల పోయేటోళ్ళకు చెప్తున్న, జల్లాక్ దిక్కు శుక్రవారం నడుమ ఎక్కడా హోటల్ నమ్ముకోవద్దు, ఇక్కడనే కడుపు నింపుకోవాలె. ఎనిమిదింటికి హమద్ టౌన్ బస్సు. హమద్ టౌన్‌ల అన్నీ దవార్లే, మన దిక్కు సర్కిల్ అంటం గదా, అవి. అడ్రసులు కూడ దవార్ నంబర్లతోనే చెప్తరు. ఎనిమిదీ యాభైకి ఏడో దవార్ కాడ దిగితే, అక్క అప్పటికే వచ్చి నిలబడ్డది. పొడుగు గౌను, తల మీద చున్నీ, చేతిల టిఫిన్ డబ్బా.

"గంట సేపాయె నిలబడి. నీకు ఏ రోజన్న టైముకొచ్చుడు ఎరుకనా?" అన్నది.

"తొమ్మిదికి రమ్మన్న, ఇంక పది నిమిషాలున్నది."

"నాకు లోపల బుద్ధి పట్టలే, వచ్చిన. సంచిల ఏంది?"

"సామాన్."

"నీ సామాన్ ఎన్నడూ ఇంత బరువుండది." సంచి మీద చెయ్యి వెయ్యబోయింది. నేను ఇంకో భుజానికి మార్చుకున్న. అక్క నా మొకం దిక్కు చూసింది గని, అడగలే.

జల్లాక్ బస్సు కోసం ఇరవై నిమిషాలు చూసినం. రాలే. ఒక బంగ్లా భాయ్ తన పాత కారు ఆపి, ఇద్దరికి మూడు దినార్లు అన్నడు. రెండున్నరకు ఒప్పుకున్నడు. తొవ్వ పొంటి చమురు పైపులు, ఇసుక, దూరంగ తెల్ల గుడారాలు. ఇది క్యాంపుల సీజన్, పొద్దుగాల సల్లగ ఉన్నది. అక్క కిటికీల నుంచి చూసుకుంట, "పంతొమ్మిదేండ్లల్ల ఈ దిక్కు రానే లే. వంటిల్లు, బజారు, దవఖాన. అయిపాయె బహ్రెయిన్" అన్నది. డ్రైవరు అద్దంల నుంచి చూసి, "దీదీ దేశానికి పోతున్నదా?" అని అడిగిండు. ఔనంటె, "అదృష్టవంతురాలు" అన్నడు.

పది కావస్తుండంగ తోట గేటు కాడ దిగినం. గేటు తీసింది సత్యవతి. ఈమె అబూ యూసుఫ్ ఇంట్ల వంట చేస్తది, రాజోలు దిక్కామె. పోయినసారి ఏసీ పనికి వచ్చినప్పుడు నాకు చాయ్ ఇచ్చింది. "ఆయ్, రండి రండి. ఈవిడేనా మీ అక్కగారు? మీ పోలికే లేదండీ, ఆవిడ బాగున్నారు" అన్నది. అక్కకు నవ్వొచ్చింది. నేను ఆ నవ్వు చూసి, ఇగ అంతా మంచిగనే అయితదని అనుకున్న.

ఖర్జూర చెట్ల కిందికి తోలుకపోయి క్యారవాన్ తలుపు తీసిన. లోపల దుమ్ము వాసన, డాంబర్ గోలీల వాసన. మడత బల్ల, రెండు దిక్కుల దిమ్మెలు, చిన్న సింకు, చెక్క అల్మారి. తలుపు పక్క చెక్క మీద పెన్సిలు గీతలు ఉన్నయి, అబూ యూసుఫ్ పిల్లలు ఏటేటా ఎంత పెరిగిండ్రో కొలుసుకున్న గీతలు. "చూడు అక్కా" అన్న. "దేని లెక్కున్నది చెప్పు? గోడ మీద కొట్టి చూడు, అదే చప్పుడు."

అక్క లోపలికి రాలే. మెట్టు కిందనే నిలబడ్డది. మొకం గట్టిగయింది.

"దీన్ని చూడనీకా తోలుకొచ్చింది?"

"కొంటున్న అక్కా. మన రేకుల బండి యాదికి రాలేదా? వాన పడితే…"

"వాన!" అన్నది అక్క. "నీకు వాన చప్పుడు యాదికున్నది. ఆ వానకు కారే కాడల్లా గిన్నెలు పెట్టింది ఎవరురా? ఎండకాలం ఆ రేకు అంటుకొని నా చెయ్యి కాలింది, నీకు ఎరుకనా? ఎనిమిదేండ్లదాన్ని. అవ్వ కంకర మొయ్యనీకి పోతే నిన్ను సంకల ఎత్తుకొని, నెత్తి మీద బిందె పెట్టుకొని, ఎక్కడ బోరింగున్నదో ఎతుక్కుంట పోయేదాన్ని. నాల్గో తరగతి మూడూర్లల్ల సదివిన. మూడు చోట్లా పరీక్షకు ముందే నాయిన గొలుసు తగిలిచ్చిండు. ఐదో తరగతి మొకం చూడలే. నువ్వేమో కాళ్ళు ఏలాడేసుకొని కూసుంటివి. నీకేంది!"

నిజమే గదా. బిందె ఎవరు మోసిండ్రో నేను ఒక్కనాడు కూడ యాది చేసుకోలే. నీళ్ళు ఉంటుండె, తాగుతుంటిని. నలభై ఏండ్ల సంది ఒక్క బండిల ఇద్దరం పెరిగినం అనుకుంటున్న గని, నేను మురిసిన కాడనే అక్క ఏడ్చింది. సిగ్గయింది. అక్క పోయి దూరంగ ఒక ఖర్జూర చెట్టు మొదట్ల కూసున్నది, మా దిక్కు ఈపు పెట్టి.

పదిన్నరకు అబూ యూసుఫ్ వచ్చిండు. సలాం చేసిన. ఆయన నా దిక్కు కాదు, చెట్టు కింద కూసున్న అక్క దిక్కు చూసిండు. ఉర్దూ, అరబీ కలిపి మాట్లాడుతడు.

"ఆమె నీ అక్కనా? ఏడుస్తున్నది."

"జీ."

"దీన్ని చూసేనా?"

అబద్ధం ఆడనీకి మనసు రాలే. ఔనన్న. ఆయన బండి మీద చెయ్యి పెట్టిండు. "దీంట్ల నా పిల్లలు నలుగురు పెరిగిండ్రు. నవ్వుకుంట పెరిగిండ్రు. మనిషిని ఏడిపిచ్చే ఇల్లు ఎవరికీ ఇయ్య. ఇంకొకడు కూడ అడుగుతున్నడు, చాయ్ దుకాణం పెట్టుకుంటడట, రెండొందల అరవై ఇస్తనన్నడు. రెండింటికి వస్తడు. నీకు మాట ఇచ్చిన గనుక అప్పటిదాక ఆగుత. మీ అక్క అవునంటేనే నీది" అని నమాజుకు తయారుకానీకి ఇంట్లకు పోయిండు.

శుక్రవారం నడి పగలు ఏ పనీ సాగది. క్యారవాన్‌ను ఎక్కించుకొని పోనీకి నేను మాట్లాడిన రికవరీ బండి ఖాన్ భాయ్ కూడ నమాజు అయినంకనే వస్తనన్నడు. నేను క్యారవాన్ మెట్టు మీద కూసొని అక్క ఈపు చూసుకుంట రెండు గంటలు గడిపిన. రెండుసార్లు లేచిన, మళ్ళ కూసున్న. పోయి ఏమని చెప్పాలె?

పన్నెండున్నరకు సత్యవతి పెద్ద పళ్ళెంల మచ్బూస్ తెచ్చింది, మన బిర్యానీకి అరబ్బు చుట్టం. అక్కకు ఒక పళ్ళెం చెట్టు కిందికే ఇచ్చి వచ్చి, నా సంచి దిక్కు చూసింది. "ఏంటండీ అది, పసుపు కారుతోంది?" అన్నది. అక్కకు వినపడకుంట మెల్లగ ఒడిబియ్యం సంగతంతా చెప్పిన. మంగళవారం పోతదనీ, ముప్పై మూడేండ్లనీ అంతా చెప్పిన.

సత్యవతి అంతా విని, "బాగానే ఉందండీ, మరి పోసేదెవరు?" అన్నది.

"నేనే."

"మీరా!" ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. "మగాళ్ళు పోస్తారేంటండీ బాబూ? ముత్తైదువ పొయ్యాలి కదా. మా వైపు చలిమిడీ సారే పెట్టినా అంతే."

నెత్తి కొట్టుకున్న. పెండ్లి కానోని తెలివి ఇట్లనే ఉంటది. మనామా గుడి కాడి దుకాణంల పోకలతోని సహా లిస్టు చదివి కొన్న. తెల్లారుజామున లేచి బియ్యంల నూనె, పసుపు కలిపిన. కొంగుల పోసే చెయ్యి సంగతి మాత్రం మతికి రాలే. దుకాణంల అన్నీ అమ్ముతరు గని ముత్తైదువను అమ్మరు గదా. అవ్వ లేదు, నాకు భార్య లేదు, అక్కకు వదిన లేదు, మరదలు లేదు. ఇల్లు ఒక్కటి కొంటే తల్లిగారిల్లు అయిపోతదనుకున్న నేను.

"మొహం అలా పెట్టకండి" అన్నది సత్యవతి. "నేను లేనా ఏంటి? మా ఆయన సల్మానియా హాస్పిటల్లో క్లీనింగ్ డ్యూటీలో నిక్షేపంలా ఉన్నాడు. నేను పోస్తాను. కానీ ముందు ఇల్లు మీదవ్వాలి. మా బాబాగారి బండిలో, అదే మా యజమానిగారి బండిలో పోస్తే అది మీ ఇల్లెలా అవుద్ది?"

అప్పుడే మా ఎనుక అక్క గొంతు వినపడ్డది. పళ్ళెం కడుక్కుందామని వచ్చింది. సంచి మూతి తెరిచి ఉన్నది. పచ్చటి బియ్యం, పైన కుడుకలు.

"గిదేందిరా?"

"ఒడిబియ్యం అక్కా."

"ఎవరికి?"

"ఎవరికేంది, నాకు ఇద్దరు అక్కలున్నరా?"

అక్క పళ్ళెం కింద పెట్టింది. వంగి బియ్యంల చెయ్యి పెట్టింది, తీసింది, పసుపంటిన ఏండ్లను చూసుకున్నది. "తల్లిగారింట్ల పోస్తరు ఒడిబియ్యం" అన్నది. "మనకేడిదిరా తల్లిగారిల్లు?"

"మనం పెరిగింది చక్రాల మీది డబ్బనే గదా అక్కా. అది ఇగ లేదు. అసొంటిది ఈ దేశంల నాకు ఇదొక్కటి దొరికింది. ఆ బతుకు మంచిగుండెనని కొంటలే. నీకు పొయ్యనీకి వేరే గడప లేదు."

ఇంతే అన్న. తప్పయిందని కూడ అనాలనుకున్న గని అనలే. అక్క పోయి మెట్టు మీద, నేను కూసున్న కాడనే కూసున్నది.

రెండూ పదికి అబూ యూసుఫ్ వచ్చిండు, ఎంబడి చాయ్ దుకాణపాయన. ఆయన జేబుల నుంచి కట్ట తీసి చేతిల పట్టుకొనే ఉన్నడు. అబూ యూసుఫ్ నాతోని మాట్లాడలే. సత్యవతిని పిలిచి, "ఆమెను అడుగు" అన్నడు.

సత్యవతి అడిగింది. "అక్కగారూ, ఈ బండి మీ తమ్ముడికి ఇమ్మంటారా వద్దా అని అడుగుతున్నారండీ బాబాగారు."

అక్క లేచి నిలబడి, చున్నీ సర్దుకొని, నా దిక్కు చూసింది. నా గుండె డుగుడుగు కొట్టుకుంటున్నది, నాయిన రోలర్ లెక్క.

"ఇమ్మను" అన్నది. "కానీ ఒక మాట. ఈసారి నీళ్ళు వాన్నే మొయ్యమను."

సత్యవతి ఆ మాట అరబీల ఎట్ల చెప్పిందో ఏమో, అబూ యూసుఫ్ తల ఎనుకకు వేసి పెద్దగ నవ్విండు. చాయ్ దుకాణపాయనకు "ఖలాస్" అని భుజం మీద చెయ్యేసిండు. ఆయన గొణుక్కుంట పోయిండు. రెండొందల దినార్లు లెక్కపెట్టి ఇచ్చిన. మా కఫీల్ కార్డు ఫోటో ఫోన్‌ల చూయించి కాయిదం రాయించుకున్న. ఆయన ఒక్క దినారు తక్కువ చెయ్యలే. నేనూ అడగలే.

ఇగ నీళ్ళు. తోట మూలకున్న నల్లా నుంచి క్యారవాన్ దాకా నూటఇరవై అడుగులు, తరువాత కొలిచిన. బకెట్లతోని తొమ్మిదిసార్లు తిరిగిన. అక్క మెట్టు మీద కాళ్ళు ఏలాడేసుకొని కూసొని, "అక్కడ మూలకు ఇంకా దుమ్మున్నది. ఇంకో బకెటు" అని హుకుం చేసింది. ఐదో బకెటుకు నా నడుము పట్టింది. "నొస్తుందా?" అన్నది. "నొస్తుంది" అన్న. "ఎనిమిదేండ్లకు ఇంకా ఎక్కువ నొస్తది" అన్నది. కోపంగ కాదు, ఊరికెనే చెప్పినట్టు చెప్పింది. నేను ఇంకో బకెటుకు పోయిన.

మూడున్నరకు లోపల కడిగి ఆరింది. తలుపు కింది అల్యూమినియం పట్టీకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది సత్యవతి, అదే గడప. అక్క చీర గౌను మీదనే చుట్టుకొని దిమ్మె మీద కూసున్నది, కొంగు పరిచి పట్టుకున్నది. సత్యవతి మొదట రవికె ముక్క పరిచి, అండ్ల కుడుకలు, పోకలు, తమలపాకులు పెట్టింది. ఖర్జూరాలు నేను మరిచిపోయిన. బహ్రెయిన్‌ల ఖర్జూరాలు మరిచిపోయినోన్ని నేనొక్కన్నే ఉంటనేమో. సత్యవతి బయటికి ఉరికి తోటవే ఐదు తెచ్చింది. "మా వైపు ఇలా పొయ్యరండీ, తప్పులుంటే మీరే చెప్పండి" అనుకుంట రెండు దోసిళ్ళతోని బియ్యం పోసింది. ఐదుసార్లు. అక్క తల వంచుకొని ఉన్నది. మూడోసారి పోసేటప్పుడు ఆమె భుజాలు కదిలినయి. నేను తలుపు దగ్గరికి ఏసిన, గాలికి కాదు. అక్క ఏడ్చేదుంటే ఇన్నేండ్లకు తలుపేసుకొని ఏడవనీ అని.

పోసుడు అయినంక ఆడబిడ్డ తన ఒడిల నుంచి ఐదు పిడికిళ్ళు తీసి తల్లిగారింట్ల ఇడిసిపెట్టాలె, ఆ ఇల్లు కూడ సల్లగుండాలెనని. అక్క లేచి చెక్క అల్మారి తెరిచి, నేను కవరుల తెచ్చిన ఖాళీ డబ్బాల ఐదు పిడికిళ్ళు పోసింది. మూత పెట్టి అల్మారిల పెట్టింది. తరువాత తాను తెచ్చిన డబ్బా తెరిచింది. జొన్నరొట్టె, పుంటికూర. ముగ్గురం మడత బల్ల ఏసుకొని తిన్నం. సత్యవతి పుంటికూర నోట్లె పెట్టుకొని, "ఆయ్, గోంగూరే! మేం ఇంకాస్త కారం వేస్తాం" అన్నది. "ఎయ్యి, ఎవలొద్దన్నరు" అన్నది అక్క. నేను తింటనే ఉన్న. ఆ పూట తిన్నంత నేను ఈ దేశంల ఎన్నడూ తినలే.

నాలుగుంబావుకు ఖాన్ భాయ్ రికవరీ బండి వచ్చింది. క్యారవాన్ టైర్లు ఎండి పగిలినయి, రోడ్డు మీద నడిపే నంబరు కూడ ఎప్పుడో పోయింది. అందుకే పైకెక్కించుకొని పోవాలె. ఇసొంటివి కొనెటోళ్ళు మొదలు ఈ బండి కిరాయి మాట్లాడుకోండ్రి, మాకు ముప్పై దినార్లయింది. గొలుసులు బిగిచ్చుతుంటె ఆ చప్పుడుకు అక్క, నేను ఒక్కసారే తలెత్తినం. ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. అబూ యూసుఫ్ గేటు కాడికి వచ్చి, క్యారవాన్ పక్క మీద అరచేత్తోని రెండుసార్లు తట్టి, "యల్లా, పోండ్రి" అన్నడు. మా దిక్కు చూడకుంట లోపలికి పోయిండు. సత్యవతి అక్క చెయ్యి పట్టుకొని, "మళ్ళీ చూస్తానో లేదో అక్కగారూ" అన్నది. "నా ఒడి నింపినదానివి. మా ఊరికి రా, నీ ఒడి నేను నింపుత" అన్నది అక్క.

ముంగట సీటుల ఖాన్ భాయ్, నడుమ నేను, కిటికీకి అక్క, ఒడిల బియ్యం మూట. తొవ్వ పొడుగూత అక్క పక్క అద్దంల నుంచి ఎనుకకు చూస్తనే ఉన్నది. పొద్దు వంగుతున్నది, తెల్ల డబ్బా మీద ఎండ పచ్చగ పడ్డది.

"ఏం చూస్తున్నవక్కా?"

"ఇల్లు వస్తుందా లేదా అని. చిన్నప్పుడు గొలుసు తెగుతదని నాకు ఎప్పుడూ భయమే. నువ్వేమో రోడ్డు చూసేటోనివి, నేను గొలుసు చూసేదాన్ని."

అప్పుడన్న. "తప్పయింది అక్కా." ఆమె నా తొడ మీద మెల్లగ ఒకటి కొట్టింది, అంతే.

ఐదూ ఇరవైకి హమద్ టౌన్‌ల ఆమె సేఠ్ ఇంటి గేటు ముందట ఖాన్ భాయ్ బండి ఆపిండు. రికవరీ బండి, దాని మీద క్యారవాన్, గల్లీ అంతా నిండింది. ఎనుక కార్లు హారన్ కొడుతున్నయి. అక్క మూట ఎదకు పట్టుకొని దిగింది. గేటు కాడికి పోయి, మళ్ళ తిరిగి వచ్చి, బండి పక్క నిలబడి నా దిక్కు చూసింది.

"తమ్మీ, ఒడిబియ్యం పోసినంక ఆడబిడ్డను అన్నదమ్ములు అత్తగారింట్ల దింపిపోతరు" అన్నది. "నన్ను చూడు. తల్లిగారిల్లే లేచొచ్చి దింపింది. మా తోడికోడండ్లకు ఎవ్వరికీ ఇట్ల కాలే. మంగళవారం పోయి చెప్త."

నవ్వుకుంట చెప్పింది. ఈసారి ఆ నవ్వు నిజమైంది. గేటు మూసుకున్నదాక చూసి, ఖాన్ భాయ్‌ను పోనియ్యమన్న. సల్మాబాద్ వర్క్‌షాప్ చేరేసరికి ఆరైంది.